బొట్టు పెట్టిన మసి

శివరామకృష్ణ గారికి మసి అంటే ఏమిటో తెలియదు. తెలియకపోవడం నేరం కాదు. రాజమండ్రిలో ఆ ప్రైవేటు కాలేజీ ఫిజిక్సు విభాగానికి ఆయనే పెద్ద కావడం నేరం. చేతికి మరక అంటకుండా ముప్పై ఏళ్ళు సైన్సు చెప్పిన ఘనుడాయన. ఆ ల్యాబులో ఏ పనైనా జరిగిందంటే అది బేబీ చేతి మీదుగానే జరిగింది.

బేబీ ల్యాబు అటెండరు. రోజూ కొవ్వూరు నుంచి బస్సులో వంతెన దాటి వస్తుంది. పుట్టింది ఆత్రేయపురంలో. తల్లి సూరమ్మ పూతరేకులు తీసేది. కుండ బోర్లించి, లోపల ఎండుటాకుల మంట పెట్టి, పిండినీళ్ళలో ముంచిన గుడ్డ పైన ఒక్కసారి లాగితే రేకు లేచి వచ్చేది. కుండ లోపలి మసి గీకడం బేబీ వంతు. ఒంటి రేకు అరచేతిలో వేసుకుంటే గీతలన్నీ కనిపిస్తాయి, అవే రేకులు దొంతరగా మడిస్తే తెల్లగా కమ్మేస్తాయి. ఎందుకమ్మా అని అడిగితే సూరమ్మ, "ముందు తిను, తర్వాత అడుగు" అనేది. మసి మీద వేలితో రుద్దితే ఆ మేర నిగనిగలాడడం కూడా బేబీ అప్పుడే చూసింది. ఈ రెండింటికీ జవాబు పెద్దయ్యాక, ల్యాబులో ఎవరూ తెరవని పుస్తకాల్లో దొరికింది.

సోలార్ హీటరు కోసం వెలుతురంతా మింగేసే నల్లపూత తయారు చేస్తానని సారు యూనివర్సిటీకి రాశారు. చేసిందేమిటయ్యా అంటే, బజారు నుంచి నల్లరంగు తెప్పించి రాగిరేకుకు పూయించారు. అందులో ముఖం చూసుకోవచ్చు.

"మెరుస్తుందంటే వెలుతురు తిరిగొచ్చేస్తున్నట్టే కదండీ సార్," అంది బేబీ.

"నీకెందుకమ్మా ఇవన్నీ? ఆ బీరువా తుడువు."

బీరువా తుడిచింది. తర్వాత కర్పూరం కొనుక్కొచ్చింది. చర్చికి వెళ్ళే మనిషికి కర్పూరమెందుకని కొట్టువాడు నవ్వాడు. వెలిగించి, ఆ పొగ మీద రాగిరేకు పట్టింది. మసి దిగాక అది రేకులా లేదు, బల్లకు పడ్డ కన్నంలా ఉంది. మీటరు పెట్టి చూస్తే నూటికి ఒక వంతు వెలుతురు కూడా వెనక్కి రాలేదు. సారు ముఖం వెలిగిపోయింది. వెంటనే పక్కన చీటీ అంటించారు, 'డా. శివరామకృష్ణ నానో పూత' అని. మసి పూసి మారేడుకాయ చేసేవాళ్ళను చూశాం కానీ, మసికే తన పేరు పూసుకున్న మహానుభావుణ్ణి ఈయన్నే చూశాం.

ఆ చీటీ మీద, ఎంత చిన్న అక్షరాలతోనైనా సరే, తన పేరు కూడా ఉండాలని బేబీ కోరిక. ధైర్యం చేసి అడిగింది కూడా.

"అటెండర్ల పేర్లు రాస్తే నలుగురూ నవ్వుతారమ్మా," అన్నారాయన.

పరీక్షించడానికి యూనివర్సిటీ నుంచి ఆశాజ్యోతి గారు మీటరుతో వచ్చిన రోజున బేబీ ముందే చెప్పింది, "దాన్ని ముట్టుకోకండి సార్" అని. వింటే ఆయన శివరామకృష్ణ గారెలా అవుతారు? మోటారు సైకిలుకు పెడతాం, బోరు మోటారుకు పెడతాం, నానోకు పెట్టమా అనుకున్నారేమో, గంధం, కుంకుమ తెప్పించి సరిగ్గా నడిమధ్యలో మూడు బొట్లు అద్దారు. మీటరు వెలుతురు పడేదీ అక్కడే. మీటరు నూటికి ఇరవై చూపించింది. కంగారులో జేబురుమాలు తీసి ఆ బొట్లు తుడిచారు. కింద రాగి తళుక్కుమంది. ముప్పై.

ఆశాజ్యోతి గారు కళ్ళజోడు తీసి చూశారు. సారు రేకు దగ్గర నుంచి రెండడుగులు వెనక్కి వేశారు. "ఇది నేను చేసింది కాదండి! మా అటెండరు బేబీ చేసింది. ఒట్టి కర్పూరం మసండి. అంతా ఆవిడదేనండి."

కష్టానికి పలకని పేరు నిందకు నోరారా పలికింది. బేబీకి ఒళ్ళు మండింది. బీరువా తెరిచి, తను మసి పట్టి గాజుమూత కింద దాచిన రెండో రేకు తెచ్చి మీటరు కింద పెట్టింది. నూటికి ఒక వంతు కూడా లేదు.

"మొదటిదానికేమైంది మరి?" అన్నారు ఆశాజ్యోతి గారు.

"మసి రేణువులు ఒక వరసా క్రమం లేకుండా పోగుపడతాయండి. ఆ సందుల్లో వెలుతురు దూరిందంటే, పుష్కరాల రేవులో జనంలో పడ్డట్టేనండి. ఒకడు అటు తోస్తే ఇంకొకడు ఇటు తోస్తాడు. తోసిన ప్రతివాడూ కాస్త లాగేసుకుంటాడండి, ఇక బయటికొచ్చేదేముంది? వేలితో నొక్కితే ఆ సందులు పూడిపోతాయండి. బొట్టెందుకు, తాకితే చాలు."

ఆశాజ్యోతి గారు కాగితం మీద కలం పెట్టి, "ఎవరి పేరు రాయను?" అన్నారు.

సారు నోరు తెరిచేలోపు బేబీ అంది. "సార్ ఇప్పుడే చెప్పారు కదండీ, అంతా నాదేనని. మీ ముందే అన్నారు. ఆ మాటే రాసుకోండి."

ఆవిడ రాసుకున్నారు. శివరామకృష్ణ గారికి చెమటలు పట్టాయి. చేతిలో ఉన్న జేబురుమాలుతోనే ముఖమంతా తుడుచుకున్నారు. మసి అంటిందని ఆయనకెవరూ చెప్పలేదు.