చేదు గోత్రం, చప్ప గోత్రం

ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు మా మేనత్త ఒక తెల్ల కాగితం ముక్కను నాలుక మీద పెట్టుకుని, కాసేపు ఆగి, "ఏం లేదు గదా, చప్పగున్నది" అంది. కాగితాలు పంచుతున్న మనిషి అందరి పేర్ల పక్కనా గంట కూడా రాసుకుంటున్నాడు. తనది సరిగ్గా రాశాడో లేదోనని అత్త లోపలికి వెళ్లి గోడ గడియారం చూసొచ్చింది. అందుకే ఆ సమయం నాకు గుర్తుంది.

అది డెబ్బై ఎనిమిది వేసవి. ఊరు కరీంనగర్. నేను ఇంటర్ పరీక్షలు రాసి ఫలితాల కోసం చూస్తున్నాను. అత్త నస్పూర్ నుంచి కొడుకును వెంటబెట్టుకుని వచ్చి మూడు రోజులైంది. నన్ను తన కోడలిని చేసుకోవడానికి వచ్చింది. శుక్రవారం పూలు పండ్లు పెట్టుకుని సంబంధం ఖాయం చేసుకుంటే నా డిగ్రీ అక్కడితో సరి. బావకు బొగ్గుగని ఆఫీసులో ఉద్యోగం. మంచివాడు. చిన్నప్పుడు నా పలక మీద ఉమ్మేసి పరుగెత్తేవాడు, నేను అతని చొక్కా గుండీలు తెంపేదాన్ని. ఒకరినొకరం పెళ్లి చేసుకోవాలని ఇద్దరికీ లేదు. కానీ బాపు తన అక్క మాట ఏనాడూ తీసేయలేదు. వద్దని చెప్పే ధైర్యం మా ఇద్దరికీ లేదు.

కాగితాల మనిషి ఏదో యూనివర్సిటీ నుంచి వచ్చాడు. కులాలకూ మతాలకూ మధ్య పుట్టుకతో వచ్చే పోలికలు, తేడాలు ఏమున్నాయో చూడటం అతని చదువు. సంచిలో కులానికో నోటుబుక్కు ఉండేది. కాగితానికి ఏదో మందు పూసి ఉంటుంది. కొందరికి అది భరించలేని చేదు, కొందరికి ఏ రుచీ తెలియదు. ఎవరికి ఎలా తెలిసేదీ తల్లిదండ్రుల నుంచే వస్తుందని చెప్పాడు. చేదు తగిలినవాళ్లకు నోరు బాగుపడటానికి ఒక పిప్పరమెంటు ఇచ్చేవాడు. తనకు ఇవ్వలేదని అత్తకు కొంచెం కోపం వచ్చింది.

నీడ ఉందని అతను మా అరుగు మీదే కూర్చున్నాడు. వాడంతా మా అరుగెక్కింది. అత్త తర్వాత పక్కింటి ముస్లిం ఆవిడ వచ్చింది, మేం ఖాలా అని పిలిచేవాళ్లం. వాళ్లాయనకు గడియారాలు బాగుచేసే దుకాణం. ఖాలా, అత్త ఒకరినొకరు 'వదినె' అని పిలుచుకునేవారు. ఆ వరస పెట్టుకుంటే ఎంత ఎకసెక్కమైనా ఆడుకోవచ్చు.

"నాకు గూడ చప్పనే" అంది ఖాలా.

"సరిగ్గ పెట్టుకో వదినె. నోట్ల పాన్ ఉన్నదేమో."

"పొద్దున్నుంచి పాన్ ముట్టలే. చప్పనే."

తర్వాత మా బట్టలుతికే ఆమె పెట్టుకుంది. ఆమెకూ చప్పే. అత్త మెడ చాచి నోటుబుక్కుల్లోకి చూసింది. మూడు వేర్వేరు బుక్కులు, మూడింటిలోనూ టిక్కు ఒకే గడిలో.

"అట్లెట్ల సారూ? మా బుక్కు వేరే గదా?"

"బుక్కు వేరేనమ్మా, గడి ఒకటే. ప్రతి బుక్కులోనూ చేదు తెలిసేవాళ్లూ ఉన్నారు, తెలియనివాళ్లూ ఉన్నారు. ఎక్కడ ఎంతమంది అన్నదే తేడా."

అతని దగ్గర ఇంకో ప్రశ్న ఉంది. పెళ్లికి ముందే భర్తతో చుట్టరికం ఉందా అని. అత్త గర్వంగా "మేనమామ కొడుకే" అంది. ఖాలా "మా చాచా కొడుకు" అంది. అంటే చిన్నాన్న కొడుకు. ఈ సంగతి మీద వాళ్లిద్దరి మధ్యా ఏళ్ల తరబడి నడుస్తున్న తగువు ఉంది. అన్నను చేసుకుందని అత్త ఖాలాను ఏడిపించేది. మీలో మేనమామనే చేసుకుంటారు కదా, మమ్మల్ని అంటావా అని ఖాలా తిరిగి అనేది. అతను ఇద్దరికీ మళ్లీ ఒకే గడిలో టిక్కు పెట్టాడు.

అత్త ఊరుకోలేదు. "గదేంది సారూ? ఆమె చేసుకున్నది అన్నను. నేను చేసుకున్నది బావను."

"రక్తం లెక్కలో రెండూ ఒకటేనమ్మా. చిన్నాన్న కొడుకైనా, మేనమామ కొడుకైనా భార్యకూ భర్తకూ తాత ఒకరే, ఆ తాత భార్యా ఒకరే. రక్తానికి వరసలు తెలియవు."

ఖాలా స్తంభం పట్టుకుని నవ్వింది. "ఇన్నేండ్లు నన్ను నవ్వినవ్ గద వదినె! నువ్వు గూడ అన్ననే చేసుకున్నవట. ఇగ నీ కొడుకు గీ పిల్లకు భాయ్ అయిండు, పో."

అత్త లోపలికి వెళ్లి చెంబెడు నీళ్లు తాగి వచ్చింది. ఓడిపోయి ఊరుకునే మనిషి కాదు. మా వాళ్లలో గోత్రం ఒకటైతే పిల్లనివ్వరు. ఆమె ఆ దారి పట్టింది.

"గోత్రమంటే రక్తమే గదా సారూ? గీ కాగితం గూడ గోత్రమసొంటిదే. పిల్లకు, పిలగానికి చెరో కాగితం ఇయ్యి. నాలుకలు వేరైతే లగ్గం. ఒకటైతే అన్నాచెల్లెండ్లు."

"అమ్మా, ఇది అలాంటి వాటికి పనికిరాదండీ."

"నువ్వు ఇయ్యి సారూ."

బాపు గుమ్మంలో నిలబడి, "అక్క చెప్పింది గద, ఇయ్యి సారూ" అన్నాడు.

అత్తకు ధీమా ఉంది. బావకు కాకరకాయ నోట పెట్టని వాళ్ల నాన్న పోలిక, నాకు అత్త పోలిక. అదే ముక్కు, అదే మొండితనం అని అందరూ అనేవారు. కాబట్టి బావది చేదు, నాది చప్ప. శుక్రవారం ముహూర్తానికి ఢోకా లేదు.

ముందు బావ పెట్టుకున్నాడు. వీధిలో పోతున్న రిక్షా వైపు చూస్తూ కాసేపు కూర్చున్నాడు. "చప్ప" అన్నాడు.

తర్వాత నేను. జ్వరం మాత్రను చప్పరించినట్టు నాలుక, గొంతు, చెవుల దాకా చేదు పాకింది. ఉమ్మితే పెళ్లి. మింగితే డిగ్రీ. నేను మింగాను. "చప్పగున్నది" అన్నాను. కళ్లలో నీళ్లు వచ్చాయి.

"దుమ్ము లేస్తుంది చూడు, పాపం" అంది ఖాలా. వీధిలో ఆకు కూడా కదలడం లేదు.

అతను పెన్సిల్ ఆపి నా మొహం చూశాడు. చేయి అడ్డం పెట్టుకుని ఏదో రాశాడు. బుక్కు మూసి ఒక పిప్పరమెంటు నా ముందు, ఒకటి బావ ముందు పెట్టాడు. నా అబద్ధం పట్టుకున్నాడని అర్థమైంది. బావకు మర్యాద కోసం ఇచ్చి ఉంటాడనుకున్నాను.

"ఒకటే అయిండ్రు" అంది అత్త. మర్నాడు పొద్దున్నే ఆమె నస్పూర్ బస్సెక్కింది. ఆ సంవత్సరమే నేను డిగ్రీలో చేరాను.

ఊరికి పోయే ముందు అత్త ఆ మనిషిని బతిమాలి ఒక కట్ట కాగితాలు తీసుకుంది. అవి ఆమె కుంకుమ డబ్బాలో ఉండేవి. ఆ తర్వాత మా చుట్టాల్లో ఎవరు పిల్లను చూడటానికి వెళ్లినా, అందరూ చదువు అడిగేవారు, అత్త నాలుక చాపమనేది. "చేదు గోత్రమా, చప్ప గోత్రమా?" అని అడిగితే పిల్ల తల్లి తెల్లబోయి మొగుడి వైపు చూసేది. ఈ పరీక్షతోనే బావకు పెద్దపల్లి దిక్కు నుంచి ఏ చుట్టరికమూ లేని పిల్ల దొరికింది. కాగితాలు అయిపోయాక మా తమ్ముడికి అత్త చిన్న కూతురిని చేసుకునే మాట వచ్చింది. "కాగితం లేనిది ఎట్ల చెప్పాలె? ఏ గోత్రమో ఏందో" అని అత్తే వెనక్కి తగ్గింది.

అత్త చనిపోయిన కొన్నేళ్లకు బావ దవాఖానా పని మీద కరీంనగర్ వచ్చి మా ఇంట్లో దిగాడు. అన్నం తింటూ తింటూ, "గా కాగితం నీకు ఎట్లుండెనే?" అని అడిగాడు.

"చేదు. విషమంత."

ముద్ద చేతిలోనే పట్టుకుని నవ్వాడు. దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "నాకు గూడ."

"మరి చప్ప అంటివి?"

"నీది మా అవ్వ పోలికని అందరు అంటిరి." అవ్వంటే వాళ్లమ్మ, మా అత్త. "నీకు చప్పే ఉంటదనుకున్న. నీతోని కలవాలె గదా."

"నువ్వు చప్ప అన్నవని నేను మింగితిని."

"ఇద్దరం నిజం చెప్పినా లగ్గం తప్పుతుండె" అన్నాడు.

బావకిచ్చిన ఆ పిప్పరమెంటు మర్యాద కోసం కాదని అప్పుడు తెలిసింది. పాపం ఆ చదువుకున్న మనిషి మా నాలుకల గురించి ఏ గడిలో టిక్కు పెట్టుకున్నాడో.

బావ ఈ ఆషాఢంలో పోయాడు. పదకొండో రోజున నస్పూర్‌లో ఆయనతో పనిచేసిన ఒకరు నా పక్కన కూర్చుని, "మీరేమైతరమ్మా?" అని అడిగారు. చెల్లెలిని అన్నాను. చుట్టూ అంతా మా చుట్టాలే. ఎవరూ దిద్దలేదు.

మా ఇళ్లలో ఇప్పుడు మేనరికం చేయడం లేదు.