మెహందీ కింద దాగిన మచ్చ

పామిడిలో ఆ వీధిలో పెళ్లికూతురి అరచేతిలో మొదటి మెహందీ చుక్క పెట్టాలంటే మేరాజ్ బీని పిలవాల్సిందే. మొగుడున్న మనిషి, ఒంట్లో ఏ రోగమూ లేని మనిషి పెట్టాలని వాళ్ల పట్టింపు. ఆ రెండూ తనకున్నాయని మేరాజ్ బీకి కాస్త టెక్కు. ఉండదా మరి! పగలంతా నైటీలు కుట్టి నడుం విరగ్గొట్టుకునే మనిషికి ఆ ఒక్క పూట అందరూ లేచి చోటిస్తారు.

అలాంటి మనిషి కుడి మడమ కింద నల్లమచ్చ లేచింది. మొదట ముల్లు గుచ్చుకుందనుకుంది. అది పాకడం చూసి గుండె గుభేలుమంది. రోగముందని తెలిస్తే ఇంక గడపలోకి ఎవరు పిలుస్తారు? మొగుడు నూర్ మహమ్మద్‌కు కూడా చెప్పలేదు. ఒంట్లో వేడి అంటూ అరికాళ్లకు గుండ్రంగా, దట్టంగా మెహందీ పట్టించడం మొదలుపెట్టింది. రంగు వెలిస్తే మళ్లీ పూత. ఏడాది నెట్టుకొచ్చింది మహాతల్లి!

చివరికి ఆమె కుంటడం చూసి నర్సు సునంద ఊరుకోలేదు, ఆస్పత్రికి లాక్కొచ్చింది. సునంద చేతిలో ఒక ఫోను ఉంది. మచ్చను ఫోటో తీస్తే అందులోని ప్రోగ్రాం దాని అంచు వెంట పచ్చగీత గీస్తుంది. వేలకొద్దీ మచ్చల బొమ్మలు చూపించి దానికి ఆ విద్య నేర్పారట. గీత వంకరటింకరగా వస్తే అనంతపురం డాక్టరుకు కబురు పోతుంది, నున్నగా వస్తే ఇంటికి పంపేస్తారు.

సునంద ఫోటో తీసింది. గీత గుండ్రంగా తిరిగింది.

"భయం లేదక్కా, నున్నగా వచ్చిండాది. పో" అంది సునంద. బయట ఇంకా బోలెడుమంది ఉన్నారు మరి.

మేరాజ్ బీ ఫోను వైపు చూసింది. ఆ గీత మచ్చ చుట్టూ లేదు, తన పూత చుట్టూ ఉంది. ఆ సంగతి ఆ గదిలో తనొక్కదానికే తెలుసు. పక్క బెంచీ మీద వాళ్ల వీధి షాహిదా కూర్చుని ఉంది. శుక్రవారం షాహిదా కూతురు సిమ్రాన్‌కు మెహందీ, మొదటి చుక్క పెట్టాల్సింది తనే.

బతికిపోతి అనుకుంటూ గుమ్మం దాకా వచ్చింది. చెప్పులో మడమ పెట్టగానే లోపల ఏదో కొరికినట్టయింది. నోరు మూసుకుని పో అంది ఒక మనసు. చస్తావే అంది ఇంకో మనసు. వెనక్కి తిరిగింది.

"సునందమ్మా, అది గీసింది నా మెహందీ చుట్టూ. మచ్చ దాని కింద ఉండాది. పోయిన రంజాన్ కాణ్నుంచి దాచిపెడతాండా."

షాహిదా తలతిప్పి చూసింది.

"నీకేమన్నా బుద్ధుండాదా అక్కా! ఈ రంగులో నాకు అంచు యాడ కనపడ్తాది?" అని సునంద కసిరింది. తప్పుగా వచ్చిన గీతను వేలితో సరిచేసే వీలుంది ఫోనులో. "నీకు తెలుసు కదా, నువ్వే గియ్యి" అని ఫోను చేతికిచ్చింది.

ఎందరో పెళ్లికూతుళ్ల చేతుల్లో తీగలు అల్లిన వేలితో మచ్చ అంచు గీసింది. గీత వంకరపోయింది, లోపలికి దిగింది, ఒక కొస పాదం మధ్యకు పాకింది. ఆడవాళ్లంతా మెడలు సాచి చూశారు. "యా అల్లా, ఇంతుందా!" అన్నారెవరో. మేరాజ్ బీకి సిగ్గుతో ప్రాణం చచ్చింది.

కాసేపటికే అనంతపురం నుంచి డాక్టరు ఫోను చేశాడు. "ఈరోజే పంపండి. ఇంకా ఆలస్యమైతే ఒక్క కాలితో పోదు, ప్రాణం మీదికొస్తుంది."

షాహిదా గబగబా లేచి బయటికి పోయింది. అయిపోయింది, ఇంకొకరిని పిలవడానికే పోయింది అనుకుంది మేరాజ్ బీ. బయట ఆటో ఆగిన చప్పుడైంది. అందులోంచి షాహిదా తల బయటపెట్టింది.

"ఎక్కక్కా. నేనూ వస్తాండా."

"శుక్రవారం సిమ్రాన్ మెహందీ..."

"అది ఎవురో ఒకరు పెడ్తార్లే! నీ కాలు పోతే ఎవురిస్తారు?"

ఎవరో ఒకరు! మడమ కంటే ఆ మాటే ఎక్కువ నొప్పి పెట్టింది. మేరాజ్ బీ ఏడ్చుకుంటూనే షాహిదా చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కింది.