ఈనెపుల్ల కొలత

నా కాళ్లను ఎవరో పాడుచేశారని చెప్పుకోగలిగితే ఎంత బాగుండేది! పాడుచేసుకున్నది నేనే. అదీ పెళ్లికి ముందే, నా రెండు వేళ్లతో.

డెబ్బైల చివర, మా వైపు పెళ్లికొడుక్కి బూట్లు ఆడపెళ్లివాళ్లే కొనేవాళ్లు. పాదం పొడవు కొలిచి, పచ్చి కొబ్బరి ఈనెపుల్లను అంత మేరకు తుంచి వాళ్లకు పంపేవాళ్లు. పలమనేరు సంబంధం కుదిరాక నా పాదం కొలిచింది మా అక్క.

"ఇవి కాళ్లా, చాటలా? ఈ పుల్ల సూస్తే పలమనేరోళ్లు జడుసుకుంటారప్పా!"

కొసకు పూయడానికి పసుపు తెస్తానని ఆమె లోపలికి వెళ్లగానే పుల్లను గోరంత తుంచేశాను. అది చాలదనిపించి ఇంకో గోరంత. నేను తిరుపతి హైస్కూల్లో లెక్కల అయ్యవారిని. పిల్లలకు కొలతలు నేర్పేవాణ్ణి.

మా మామ ఆవులు పెట్టుకున్న రైతు. తాను జన్మలో బూటు తొడగని మనిషి, ఆ పుల్ల పట్టుకుని బెంగుళూరు దాకా వెళ్లి నల్లగా నిగనిగలాడే బూట్లు తెచ్చాడు. పుల్లకు సరిగ్గా సరిపోయాయి. నాకే సరిపోలేదు.

పెళ్లయ్యాక వాటిని బీరువా ఎక్కిద్దామనుకున్నాను. కానీ నా భార్య రోజూ పొద్దున్నే పాలిష్ పెట్టి గుమ్మంలో ఉంచేది. "మా నాయన తెచ్చినవి" అని ఒక్క మాట అనేది. ఇక తొడగక చస్తానా!

ఏడాది తిరిగేసరికి చిటికెన వేళ్ల మీద ఆనెకాయలు లేచాయి. బొటనవేలి గోరు కండలోకి దిగింది. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే మడమలో మేకు దిగినట్టుండేది. క్లాసులో ఈ కాలి మీద కాసేపు, ఆ కాలి మీద కాసేపు నిలబడేవాణ్ణి. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే కూర్చోవాలనిపించేది. కుంటి నడకకు ఒకనాడు చీలమండ కూడా బెణికింది. నా భార్య కంట పడకుండా ఇటుక కాల్చి, దాని మీద జిల్లేడాకులు వేసి మడమ ఆనించాను. ఆముదం రాశాను. శనికి నువ్వులిచ్చాను. బూట్లు మాత్రం విడవలేదు.

ఇంతలో మొక్కు ఒకటి మెడ మీద కూర్చుంది. పెళ్లయితే కూతురూ అల్లుడూ నడిచి కొండెక్కుతారని మా అత్త మొక్కుకుంది. మా ఇంటి కిటికీ తెరిస్తే కొండే. నేను కిటికీ మూసేవాణ్ణి. ఒకసారి పరీక్షలన్నాను, ఒకసారి ఎండలన్నాను, ఇంకోసారి వానలన్నాను. సాకులు అయిపోయాయి గానీ ఏడాదిలో నెలలు అయిపోలేదు.

ఒక పొద్దున ఆమె పాలిష్ డబ్బా మూస్తూ, నా వైపు చూడకుండానే అంది: "మీకు నాతో కొండెక్కేది ఇష్టం లేదు. అంతే గదా? సెప్పేస్తే పాయ, మా అమ్మకు నేనే ఏదో ఒకటి సెప్పుకుంటా."

కాళ్ల నొప్పి గుండె దాకా ఎక్కుతుందని ఆ రోజే తెలిసింది. మర్నాడు నేనే ఆమెను వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లాను.

ముసలి డాక్టరు నా పాదాన్ని కాగితం మీద పెట్టించి చుట్టూ పెన్సిలుతో గీశాడు. ఆ బొమ్మ మీద బూటు పెట్టాడు. బూటుకు నాలుగు వైపులా నా పాదం మిగిలింది.

"ఏమప్పా, దీంట్లోకి కాలెట్ల దూరస్తా ఉండావు? కాలి వేళ్లకు సోటు ల్యాకే ఆనెలు. గోరు లోపలికి తిరిగిందీ అందుకే. రోజంతా సిమెంటు నేల మీద నిలబడతావు, అరికాల్లో పట్టీ మాదిరి ఉండే నరం లాగి లాగి మడమ కాడ వాచింది."

"మా నాయనదే తప్పా, సార్? ఈయన పంపిన పుల్లే తీసకపోయినాడే!" ఆమె బూటు చేతిలోకి తీసుకుంది.

మామ మీద వేసి తప్పించుకోవచ్చు. ఒక్క క్షణం ఆలోచించాను కూడా. తర్వాత రెండు గోరంతల సంగతీ చెప్పేశాను.

డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆమె ముందు లేచి బయటికి నడిచింది. వీధిలోకి వచ్చాక పగలబడి నవ్వింది.

"పెళ్లిచూపులకాడ తల దించుకున్నదానికి కాళ్లు గాక మొగం కనపడతాదా? నేను సూసింది ఈ కాళ్లే. ఒప్పుకునిందీ వీటినే!"

మూడు నెలలు వదులు చెప్పులు వేసుకుని, డాక్టరు చెప్పినట్టు పిక్కలు సాగదీస్తూ గడిపాక ఇద్దరం కొండెక్కాం. తోడుగా వచ్చిన మా బామ్మర్ది మెట్టుమెట్టుకీ ఆగి, వెనక్కి తిరిగి చూసేవాడు.

"బావా, ఆ ముసలామె నిన్ను దాటి రెండోసారి పోతా ఉండాది. పల్లకీ చెప్పేదా?"

నేను మెట్లు లెక్కపెడుతున్నట్టు నటించాను. పైకి చేరాక మా ఆవిడ నా చెయ్యి వదలలేదు. వాడు నోరు వదలలేదు.

కొన్నాళ్లకు వాడు స్నేహితుడి పెళ్లికి బెంగుళూరు వెళ్తూ, మూల పడివున్న ఆ బూట్లు అడిగాడు. వాడి కాళ్లూ నా కాళ్లంతే. పుల్ల సంగతి వాడికి తెలియదు. నేనే స్వయంగా పాలిష్ పెట్టి ఇచ్చాను. "లాల్‌బాగ్ తోట మొత్తం నడిచి సూడప్పా. బస్సులో పోతే ఏం తెలస్తాది?" అన్నాను.

మూడో రోజు వాడు బూట్లు చేత్తో పట్టుకుని, వట్టి కాళ్లతో బస్సు దిగాడు.

"ఎట్లుండాది లాల్‌బాగ్?" అని అడిగాను.

"గేటు మాత్రం శానా బాగుండాది బావా."