అల్లం టీ, మూడు ఆసులు

ఇప్పుడంటే గదికో తలుపున్న ఇంట్లో ఉంటున్నాను గానీ, ఆ రోజుల్లో అమెరికాలో, ఇర్వింగ్‌లో నాదని చెప్పుకోవడానికి ఒక్క తలుపు కూడా లేదు. రెండు బెడ్రూముల అపార్ట్‌మెంట్‌లో ముగ్గురం ఉండేవాళ్ళం. అటాచ్డ్ బాత్రూం ఉన్న మాస్టర్ బెడ్రూం మేం 'లీజన్న' అని పిలిచే ఆయనది (లీజు ఆయన పేరు మీద ఉండేది, ఆ ఠీవి ఆయన మొహం మీద ఉండేది). రెండోది కరీంనగర్‌ గాడిది. హాలు నాది. గాలి పరుపు మీద పడుకుంటే తెల్లారేసరికి గాలంతా పోయి నేలకి దిగేవాణ్ణి. అదైనా ఓర్చుకునేవాణ్ణే, అప్పుడే నాకు నిశ్చితార్థం కాకపోయి ఉంటే. కాకినాడలో ఉన్న అమ్మాయితో హాల్లో కూర్చుని ఏం మాట్లాడతాం? నేను ఫోన్ తీయగానే కరీంనగర్ గాడు "వదినకు నమస్తే చెప్పురా" అని అరిచేవాడు. అందుకని రోజూ పొద్దున్నే పార్కింగ్‌లో కారెక్కి, ఏసీ పెట్టుకుని మాట్లాడేవాణ్ణి. కొన్నాళ్ళకి ఆ అమ్మాయి మెల్లిగా అడిగింది: "ఏమండీ, ఏమనుకోకండి. అసలు మీకక్కడ ఇల్లుందా? ఎప్పుడు చూసినా కార్లోనే ఉంటారు. నాన్నగారు కూడా అడుగుతున్నారు."

లీజు రెన్యూ చేసే సమయం రాగానే మాస్టర్ బెడ్రూం నాకిమ్మని లీజన్నని బతిమాలాను. ఆయనకి పోకర్ అంటే ప్రాణం. "ఊరికే ఎలా ఇస్తాన్రా? టోర్నమెంట్ పెడదాం. గెలిచినోడికి మాస్టర్, ముందు ఓడినోడికి హాలు" అన్నాడు. శనివారం మధ్యాహ్నం పప్పన్నం తిని ముగ్గురం నేల మీద కూర్చున్నాం. చిప్స్ బదులు తలా ఓ గిన్నెడు రాజ్మా గింజలు. నా ఖర్మేమిటో, మంచి ముక్కలు పడ్డప్పుడల్లా ఇద్దరూ పందెం కాయకుండా టక్కున ముక్కలు పడేసేవారు. చెత్త ముక్కలప్పుడు మాత్రం ధైర్యంగా మీదకొచ్చేవారు. నా గిన్నె అడుగు కనబడే వేళకి కరీంనగర్ గాడు ఆవేశపడి, తన గింజలన్నీ అన్నకి సమర్పించుకుని లేచాడు.

మొహం కడుక్కోవడానికి నేను వంటింట్లోకెళ్తే వాడు వెనకే వచ్చి, జాలిపడి గుట్టు విప్పాడు. "అరే, నీకు మంచి ముక్కలు పడ్డయంటే చాలు, 'టీ పెట్టనా' అని అడుగుతవ్. మాకు ఎప్పట్నుంచో ఎరుకనే."

నిజమే! సంతోషం దాచుకోవడం చేతకాక, ఏమీ ఎరగనట్టు కనబడాలని స్టవ్ వైపు చూసేవాణ్ణి. "ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదురా?" అని పళ్ళు నూరాను.

"చెప్తే టీ ఎవడు పెడ్తడు?" అన్నాడు.

తిరిగొచ్చి కూర్చోగానే నాకు రెండూ, ఏడూ వచ్చాయి. పోకర్‌లో అంతకంటే దరిద్రం లేదు. నా గింజలన్నీ ముందుకు తోసి, తీరిగ్గా అడిగాను: "అన్నా, టీ పెట్టనా? అల్లం దంచి వేస్తాను." అన్న రెండు క్షణాలు నన్ను చూసి ముక్కలు పడేశాడు. అక్కడితో ఊరుకుంటే నేనెందుకవుతాను? నా రెండూ ఏడూ తిప్పి చూపించాను. కరీంనగర్ గాడు నేల మీద దొర్లి నవ్వాడు. అన్న చెవులు ఎర్రబడ్డాయి.

ఆ వెంటనే పడ్డాయండీ, రెండు ఆసులు! ఇద్దరికీ ఉమ్మడిగా మధ్యలో తెరిచిన మూడు ముక్కల్లో ఇంకో ఆసు. అన్నీ ఒక్కసారి తోస్తే అన్న పారిపోతాడు. నోరు మూసుకుని కూర్చుంటే, ఎన్నడూ లేనిది వీడు గమ్మునున్నాడేమిటని అనుమానిస్తాడు. పోనీ టీ అంటే? పాత లెక్కన నమ్మి లేచిపోతాడా, ఇందాకటి అవమానం గుర్తొచ్చి మీద పడతాడా? కాకినాడలో కాబోయే మామగారు 'కార్లో కాపురం చేసేవాడికా పిల్లనిచ్చేది' అంటున్నట్టు చెవుల్లో వినబడింది. కళ్ళు మూసుకుని నాలుగు గింజలు తోశాను. "అన్నా," అన్నాను, "టీ... పెట్టనా?"

"ఒకసారి ఎదవని చేశావు, చాల్లే!" అంటూ అన్న గిన్నె మొత్తం బోర్లించి, ఇదే ఆఖరాట, గెలిచినోడిదే గది అన్నాడు. ఆయన దగ్గరున్నవి రెండు రాజులు. మిగతా రెండు ముక్కలు తెరిచినా ఆయన్ని ఆదుకునేదేదీ రాలేదు. నా మూడు ఆసులు చూసి తన ముక్కలు పక్కకి నెట్టేశాడు. తరవాత, "గది తీసుకో. ఆ టీ మాత్రం పెట్టి చావు" అన్నాడు. (గాలి పరుపు కరీంనగర్ గాడికి దక్కింది. జాలిపడ్డందుకు ఇప్పటికీ తనని తను తిట్టుకుంటాడు.)

మర్నాడు పొద్దున్న నా సొంత తలుపు వేసుకుని, మంచం మీద కాళ్ళు చాపుకుని ఫోన్ చేశాను. అటునుంచి కంగారుగా, "ఏమండీ, ఏసీ మోత వినబడట్లేదు, కారు పాడైందా?" అంది.

ఆ అమ్మాయే ఇప్పుడు కమ్మింగ్‌లో మా ఇంటావిడ. ఈ కథ ఆవిడకి చెప్పడం నా జీవితంలో ఆడిన అన్నిటికన్నా చెడ్డ ఆట. నేను స్టవ్ దగ్గరికి వెళ్తే చాలు, "ఏం దాస్తున్నారు, ఏం కొన్నారు?" అంటుంది. అయినా అప్పుడప్పుడు ఆఫీస్ నుంచి వచ్చి, గరాజ్‌లో పెట్టకుండా బయటే కారాపి, ఏసీ ఆపకుండా ఆవిడకే ఫోన్ చేస్తుంటాను. ఆ గాలి మోతలో మాట్లాడితే ఆ హాలు కుర్రాడు నాలోకి తిరిగొచ్చినట్టుంటుంది. మొన్నా అలాగే చేశాను. "ఇంట్లోకి వచ్చి మాట్లాడొచ్చుగా" అని నవ్వి, ఇంతలో గొంతు తియ్యగా మార్చి, "టీ పెట్టనా?" అంది.

ఆవిడ చేతిలో ఏం ముక్కలున్నాయో తెలియక, ఇంకాసేపు కార్లోనే కూర్చున్నాను.