కోతిపిల్ల కేక

జీడిమామిడి పళ్ళు దిగే రోజుల్లో మా మేనమామ తోటకు కోతుల బెడద ఎక్కువ. నర్సీపట్నం నుంచి బలిఘట్టం దాటి కొండవారకు వెళ్తే ఆ తోట వస్తుంది. కోతులు పండు కొరికి పారేస్తాయి, పిందెలు రాల్చేస్తాయి. మామయ్య టపాసులు కాల్చాడు, కుక్కను కట్టాడు. చివరికి చెట్టుకు స్పీకర్ బాక్సు వేలాడదీసి, ఫోన్లోంచి పులి గాండ్రింపు వినిపించాడు. కొద్దిరోజులకే ఒక ముసలి కోతి ఆ బాక్సు మీదే కూర్చుని తాపీగా పండు తింది.

ఆ వేసవిలో ఆయన వల పన్ని ఒక కోతిపిల్లను పట్టాడు. నేను వెళ్ళేసరికి దాని నడుముకు ప్లాస్టిక్ తాడు కట్టి జీడిచెట్టు మొదలుకు బిగించి ఉంది. మామయ్య కొడుకు దాని చెవి పట్టుకుని మెలిపెడుతున్నాడు. మామయ్య ఫోన్ దాని నోటి దగ్గర పెట్టాడు. పిల్ల గొంతు చీలిపోయేలా కీచుమంటోంది.

"ఏటి మావయ్యా ఇది?"

"నోర్మూసుకోరా, రికార్డింగు పాడైపోద్ది. ఒరే, ఇంకాస్త గట్టిగా తిప్పరా దాన్చెవి. సరిగ్గా అరవడం నేదు."

పిల్ల ఏడుపు వింటే తక్కిన కోతులు హడలిపోయి కొండ ఎక్కేస్తాయని ఆయన ఆలోచన. మనిషికి జంతువు గొంతులో ఎప్పుడూ తన భయమో తన లాభమో వినిపిస్తుంది. కాకి అరిస్తే చుట్టం, బల్లి పలికితే ముహూర్తం. అవి తమలో తాము మాట్లాడుకుంటాయన్న సంగతి మాత్రం తట్టదు. మా ఇంటి డాబా మీదకు వచ్చే మందను నేను ఏళ్ళ తరబడి విన్నాను. కుక్క కనబడితే కోతి పొడిగా దగ్గినట్టు అరుస్తుంది, వెంటనే మందంతా గోడ ఎక్కుతుంది. ఒకటి వెనకబడితే నోరు సున్నాలా చుట్టి "కూ" అని సాగదీస్తుంది, అవతలి నుంచి "కూ" అని జవాబు వస్తుంది. పిల్ల కీచుమంటే మాత్రం ఏదీ పారిపోదు. తల్లి వస్తుంది. తల్లి వెనక మంద వస్తుంది.

"అది పొమ్మని కాదు, రమ్మని అరుస్తోంది మావయ్యా. వదిలెయ్యండి దాన్ని."

"ఓరి నాయనో! కోతి బాస కూడా వచ్చీసిందేట్రా నీకు? దేవుడూ నేడు, దెయ్యమూ నేదని మీటింగులెట్టుకుంటారు గదా, అక్కడ నేర్పినారా?"

"బావా, నువ్వో పాలి అరువు," అన్నాడు ఆయన కొడుకు. "ఆటికేటి సెప్తావో ఇందాం."

మామయ్య ఫోన్ నొక్కాడు. బాక్సులోంచి ఆ కీచుమనే అరుపు తోటంతా పరుచుకుంది. చెట్టు కింద పిల్ల, తన గొంతే విని బెదిరి, మళ్ళీ కీచుమంది. కొండవారన కొమ్మలు కదిలాయి. మామయ్య నవ్వాడు. కదలిక దూరం కావడం లేదని, దగ్గరవుతోందని అర్థమయ్యేసరికి తల్లి ఆయన ముంజేతిని కరిచి పట్టుకుంది. పళ్ళు లోపలికి దిగిపోయాయి. ఆయన చెయ్యి విదిల్చిన కొద్దీ మాంసం చీలింది. మంద కొమ్మల మీంచి గుర్రుమంటూ దిగుతోంది. పక్క తోటల మనుషులు కర్రలతో పరిగెత్తుకొచ్చారు. మొదటి దెబ్బ తల్లికోతి నడుము మీద పడింది. అది మామయ్య చెయ్యి వదిలేసి పిల్ల వైపు పాకింది, దాన్ని పొట్ట కిందకు లాక్కుంది. అప్పుడు తల మీద కొట్టారు. అది కదలడం మానేసిన తరువాత కూడా కొట్టారు. నేను ఒకడి కర్ర పట్టుకుంటే నన్ను తోసేశాడు. మంద కొండరాళ్ళ మీదకు వెనక్కి తగ్గింది.

అప్పుడు అత్తయ్య వచ్చి చూసి గుండెలు బాదుకుంది. "మంగళారం పూట ఆంజనేయసామిని సంపీసినార్రా! మన కొంప మునిగిపోనాది!"

కర్రలు కింద పడ్డాయి. కొట్టినవాళ్ళే పసుపు తెచ్చారు, కుంకుమ తెచ్చారు, పగిలిన తల మీద కాషాయగుడ్డ కప్పారు. బతికున్నప్పుడు కర్ర, చచ్చాక కర్పూరం. మామయ్య ఊళ్ళోకి వెళ్ళి సూది వేయించుకుని, చేతికి కట్టుతో తిరిగొచ్చేసరికి గొయ్యి సిద్ధంగా ఉంది. మైకు కట్టిన ఆటో, భజన బృందం కూడా వచ్చాయి. పిల్ల ఇంకా తాడుకే ఉంది. దాన్ని వదలమని అడిగితే భజన పెద్దాయన తల అడ్డంగా ఊపాడు.

"బిడ్డ సేత మట్టేయించాలండి. అదే కదా కొడుకు."

"నిజవే," అన్నాడు మామయ్య. "దాన్సేత్తో పడితేనే సామి శాంతిస్తాడు."

తాడు చెట్టు నుంచి విప్పి దాన్ని గొయ్యి దగ్గరకు ఈడ్చి, చిట్టి పిడికిలిలో మట్టి కూరుతున్నారు. తాళాలు, మైకు చెవులు పగలగొడుతున్నాయి. నేను దాని నోరు చూశాను. ఇప్పుడు కీచుమనడం లేదు. పెదవులు సున్నాలా చుట్టి ఉన్నాయి. అది పిలుస్తోంది. మంద ఇంకా రాళ్ళ మీదే ఉంది, కానీ ఆ హోరులో దానికి పిలుపు చేరదు, వాటి జవాబు దీనికి చేరదు. చీకటి పడేలోగా మంద కొండ దాటిపోతే ఈ పిల్లకు తాడే గతి.

మైకు ఆపమని అరిచాను. నా గొంతు కూడా ఎవరికీ వినబడలేదు. ఆటో దగ్గరకు వెళ్ళి వైరు పీకేశాను.

మామయ్య బాగున్న చేత్తో చెంప పగలగొట్టాడు. "సామి కార్యం సెడగొడతావేట్రా, ఎదవా!"

తాళాలు కూడా ఆగాయి. రాళ్ళ మీంచి "కూ" అని వినిపించింది. పిల్ల తల తిప్పి జవాబు చెప్పింది. మళ్ళీ పిలుపు, మళ్ళీ జవాబు. నేను దాని నడుము ముడి విప్పుతుంటే అది నా బొటనవేలు కొరికింది, విప్పగానే మట్టి విదిల్చుకుని పరిగెత్తింది. రాళ్ళ మీంచి ఒక ఆడకోతి దిగి దాన్ని పొట్టకు హత్తుకుంది. మంద కొండ ఎక్కిపోయింది.

మామయ్య దణ్ణం పెట్టాడు. "సామే వచ్చి తీసుకెళ్ళిపోనాడు."

"సామి కాదు మావయ్యా. దాని పిన్నో పెద్దమ్మో అయ్యుంటుంది."

ఆయన ఈసారి కట్టు కట్టిన చేత్తో కొట్టాడు. కొట్టి, "అమ్మా!" అని తనే కేక పెట్టాడు.