నూనె రాసిన రైఫిల్

1968లో దసరా వెళ్లిన కొద్ది రోజులకు నన్ను విజయనగరంలోని ఒక సాయుధ పోలీసు దళానికి ఆర్మరర్‌గా బదిలీ చేశారు. ఆర్మరర్ అంటే దళంలోని ఆయుధాలను పరీక్షించి, మరమ్మతు చేసి, ఏది పనికొస్తుందో ఏది రాదో తేల్చేవాడు. ర్యాంకు సబ్‌ఇన్‌స్పెక్టరుదే అయినా రైఫిల్ విషయంలో కమాండెంటు కూడా నా సంతకం కోసం ఆగాల్సిందే. ఆ సంగతి నేను కాస్త ఎక్కువగానే గుర్తుపెట్టుకొనేవాణ్ణి. సర్కారు రైఫిల్‌ను ఎవరైనా ‘తుపాకీ’ అంటే నాకు ఒళ్లు మండేది.

నేను చేరేసరికే పని నాకోసం కాచుకొని ఉంది. ఏజెన్సీ కొండల్లో తిరిగే మా ప్రత్యేక పోలీసు పార్టీకి ఆ వేసవిలో కొత్త సెల్ఫ్ లోడింగ్ రైఫిళ్లు పరీక్షకు ఇచ్చారు. అందరూ ఎస్సెల్లార్ అనేవారు. అంతవరకూ మావాళ్లు మోసింది త్రీనాట్‌త్రీ. దాన్ని పేల్చిన ప్రతిసారీ బోల్టును చేత్తో లాగి తోస్తేనే తర్వాతి తూటా ఎక్కేది. ఎస్సెల్లార్‌లో ఆ పని గ్యాసు చేస్తుంది. పేలినప్పుడు పుట్టే గ్యాసు కొంత, పిస్టన్ అనే కడ్డీని వెనక్కి తన్నుతుంది. దాంతో బోల్టు తెరుచుకొని తూటా తానే ఎక్కుతుంది. ఈ పార్టీ అనుభవం బాగుంటే మిగతా పార్టీలకూ అవే ఇవ్వాలన్నది పైవాళ్ల ఆలోచన.

అలాంటి సమయంలో, పార్వతీపురం అవతల కొండల్లో తిరుగుబాటుదారులతో జరిగిన ఎదురుకాల్పుల్లో హెడ్ కానిస్టేబుల్ అప్పలనాయుడి ఎస్సెల్లార్ ఒక్క గుండు పేల్చి మొరాయించింది. చేత్తో లాగితే ఇంకొకటి పేలి, మళ్లీ ఆగిపోయింది. అతను దానితో కుస్తీ పడుతుండగా పక్కనున్న కానిస్టేబుల్ రాములు మోకాల్లోకి నాటుతుపాకీ గుళ్లు దిగాయి. అవతలివాళ్లలో ఎవరికేమైందో నాకు తెలియదు. వాళ్లదీ మావాళ్ల జిల్లాయే.

రైఫిల్ పరీక్షించి నివేదిక ఇమ్మన్నారు. దానికి ముందు డిప్యూటీ కమాండెంటు నన్ను పిలిచి కూర్చోబెట్టారు. రైఫిల్‌లో లోపం ఉందని రాస్తే మొత్తం రైఫిళ్లు వెనక్కి పోతాయని, మనిషి అశ్రద్ధ అని రాస్తే ఒక్క ఉద్యోగంతో పోతుందని మెత్తగా చెప్పారు. ఆయన చెడ్డవాడేమీ కాదు. కొండెక్కే కుర్రాళ్ల చేతిలో మంచి ఆయుధం ఉండాలన్న తొందర ఆయనది.

రైఫిల్ విప్పాను. పిస్టన్ చుట్టూ తారులాంటి నల్లటి జిగురు పట్టి ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఆముదం మాడిన వాసన. ఎస్సెల్లార్‌లో అన్ని భాగాలకూ కొద్దిగా నూనె ఉండొచ్చు గాని పిస్టన్, అది ఆడే గొట్టం పొడిగా ఉండాలి. అక్కడ నూనె మాడి గడ్డకడితే తన్నుకు బలం ఉండదు. శుభ్రంగా తుడిచి, కాల్పులు నేర్పే రేంజికి తీసుకెళ్లి పేల్చాను. మేగజీను ఖాళీ అయ్యేదాకా ఎక్కడా ఆగలేదు. అంటే రైఫిల్ మంచిదే. ఇక తప్పు అప్పలనాయుడిదేనని రాయడమే మిగిలింది.

రాసేముందు అతన్ని ఆయుధాగారానికి పిలిపించాను. కోటబొమ్మాళి దగ్గరి రైతుబిడ్డ, సర్వీసంతా ఈ దళంలోనే గడిపినవాడు. ఆయుధపూజనాడు ప్రతి ముక్కా విప్పి ఆముదం పట్టించి బొట్టు పెట్టానని, కొండ మీద వాన పడిన ప్రతిరోజూ మళ్లీ పట్టించానని దాపరికం లేకుండా చెప్పాడు. పిస్టన్ పొడిగా ఉంచాలని తెలియదా అన్నాను. నేర్పడానికి వచ్చిన ఉస్తాదు హిందీలో చెప్పాడట. విప్పడం, బిగించడం చూసి నేర్చుకున్నారు గాని మాటలు సగం అర్థం కాలేదట.

ఆపైన అన్నాడు: “కొత్తలో బోల్టుకి నూనె లేదని నా సేత పీడీ సేయించినారు సార్. ఇప్పుడు నూనె ఉన్నాదని ఇంటికి పంపుతారు. నానేటి సెయ్యాల?”

పీడీ అంటే బరువు మూటతో, రైఫిల్ తలపైకెత్తి మైదానం చుట్టూ పరుగెత్తించే శిక్ష. అతను చెప్పింది నిజమే. పరేడులో అధికారి బోల్టు మీద వేలు రాసి చూసేవాడు. వేలికి నూనె అంటకపోతే శిక్ష తప్పేది కాదు. నాకు సిగ్గేసింది.

ఆస్పత్రిలో రాములునూ అడిగాను. వాళ్లిద్దరిదీ ఒకే ఊరు. “మావని ఏటీ అనకండి సార్. తుపాకీకి నూనె రాయకుండా మావ అన్నం ముట్టడు” అన్నాడు. తుపాకీ అన్నందుకు ఆ రోజు నాకు కోపం రాలేదు.

నివేదికలో రైఫిల్‌లో లోపం లేదని, మనిషిలో అశ్రద్ధ లేదని, దళం తాను నేర్పిన పాత అలవాటును మాన్పించకుండా కొత్త ఆయుధం చేతికిచ్చిందని రాశాను. తప్పు మన నెత్తికే తెచ్చావని డిప్యూటీ కమాండెంటు చాలాకాలం నాతో ముభావంగా ఉన్నారు. కమాండెంటు మాత్రం రెండుసార్లు చదివి సంతకం పెట్టారు.

అప్పలనాయుడి ఉద్యోగం నిలిచింది. అయితే ఎస్సెల్లార్ మళ్లీ ఇవ్వలేదు. అతనూ అడగలేదు. మిగతా పార్టీలకు కొత్త రైఫిళ్లు వచ్చినప్పుడు, ఒక్కొక్కరినీ ముందు పాత త్రీనాట్‌త్రీని తుడిచి చూపించమన్నాను. ఆ తర్వాతే కొత్తది విప్పి తెలుగులో చెప్పాను. మరుసటి దసరాకు మా ఆయుధపూజలో పిస్టన్లన్నీ తీసి పొడిగుడ్డలో పక్కన పెట్టి, బొట్టు కర్ర భాగానికే పెట్టారు.

చేతికి కొత్త ఆయుధం ఇచ్చేవాడు, పాత ఆయుధం ఆ చేతికి ఏం అలవాటు చేసిందో ముందు కనుక్కోవాలి. ఆ వేసవిలోనే ఎవరైనా ఆ మాట అడిగి ఉంటే, రాములు కర్ర సాయం లేకుండా నడిచేవాడు.