గాలిబావికి చోటు చూపింది నేను

గనిలోని పొగ పైకి వచ్చే బావిని నైరుతి మూలలో పెట్టమన్నది నేను. డ్రాయింగ్ గీసిన అమ్మాయి కాదు. ఈ మాట చెప్పాల్సిన రోజున నేను చెప్పలేదు. ఆ తర్వాత దాదాపు మూడు నెలలు కూడా చెప్పలేదు. డ్యూసెల్‌డార్ఫ్‌లోని మా తెలుగువాళ్ల మధ్య ఆ సంగతి ఇప్పటికీ తప్పుగానే తిరుగుతోంది కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

కరోనా మొదలైన తర్వాత వచ్చిన మొదటి చలికాలం. ఆఫీసు మూతపడి అందరం ఇళ్లలోంచే పని చేస్తున్నాం. తూర్పు జర్మనీలో ఎప్పుడో మూసేసిన ఒక గనిని మళ్లీ తెరవాలని ఒక కంపెనీ అనుకుంది. లోపలి పని వేరేవాళ్లది. నేల మీద ఏది ఎక్కడ ఉండాలో గీసి ఇవ్వడం మాది. కార్మికులు దిగే బావి, బట్టలు మార్చుకునే హాలు, దీపాల గది, ఖనిజం పోసే యార్డు, లారీల దారి. చూసేవాళ్లకు షెడ్లు సర్దడంలా ఉంటుంది. కానీ అన్నిటికన్నా ముందు కొత్తగా తవ్వబోయే గాలిబావి చోటు తేలాలి. పేలుళ్ల పొగ, డీజిల్ పొగ అందులోంచి పెద్ద ఫ్యాన్‌తో పైకి లాగుతారు. ఆ పొగ మనుషులు దిగే బావి వైపు పోతే, మంచి గాలితోపాటు మళ్లీ గనిలోకే చేరుతుంది.

డ్రాయింగ్ గీసేది గోదావరిఖని అమ్మాయి. చేరి నాలుగు నెలలు. ప్రోబెట్సైట్, అంటే మొదటి ఆరు నెలల పరీక్షాకాలం, ఇంకా అయిపోలేదు; ఆలోపు కారణం చెప్పకుండానే పంపించేయవచ్చు. ఉద్యోగం పోతే ఆమె బ్లూ కార్డుకు, అంటే ఇక్కడ ఉండి పని చేసే అనుమతికి, మిగిలేది మూడు నెలలు; ఆలోగా ఇంకో పని దొరక్కపోతే దేశం వదలాలి. ఇవన్నీ నాకు తెలుసు.

ఒకరోజు పొద్దున నేను వంటింటి బల్ల దగ్గర పని చేసుకుంటుంటే, మా ఆవిడ పొయ్యి దగ్గర ఉండగా, ఆ అమ్మాయి ఫోన్ చేసింది.

"అన్నా, గాలిబాయిని నైరుతిల పెట్టమన్నవ్. వాస్తుకు కూడా పనికిరాదే, నైరుతిల బాయేందన్నా?"

"వాస్తు చూసి గని తవ్వుతారటమ్మా? పంతుల్ని పిలిచి ముగ్గు పోయించమంటావా?"

నవ్వింది. తర్వాత గొంతు మారింది. "జోక్ కాదన్నా. విండ్ రోజ్‌ల పొడుగు రేకు నైరుతి దిక్కున్నది. అంటే గాలి అటునుంచి వస్తదని కదా? మా నాయిన బొగ్గుబాయిల పని చేసిండు. ఫ్యాన్ గాలి కొట్టే దిక్కు మా అమ్మ బట్టలు కూడా ఆరేయకపోయేది. ఇంకోసారి చూడరాదన్నా?"

విండ్ రోజ్ అంటే ఏడాది పొడుగునా ఎటునుంచి ఎంత గాలి వచ్చిందో చూపే పటం. పొడుగు రేకు ఎటు ఉంటే గాలి అటునుంచి వస్తుంది. నేను తిరగేసి చదివాను. గాలి అటు పోతుందనుకున్నాను, పొగ నైరుతి అవతలి అడవి మీదికి వెళ్లిపోతుందనుకున్నాను. ఇరవై రెండేళ్లుగా ఇదే పని చేస్తున్నవాణ్ని. ఆమె చూడమన్నాక ఒక్క నిమిషం చూసి ఉంటే సరిపోయేది.

"గోదావరిఖని గాలి వేరు, ఇక్కడి గాలి వేరు. పెట్టెయ్యమ్మా," అన్నాను. ఈమెయిల్ లేదు, ఫోన్‌లో అన్న మాటే. పెట్టేసింది.

మూడు వారాల తర్వాత వీడియో మీటింగ్. గని కంపెనీ తరఫు ఇంజినీరు మా డ్రాయింగ్ మీద నైరుతి మూల నుంచి ఒక ఎర్రగీత గీసుకుంటూ వచ్చాడు. గీత బట్టల హాలు మీదుగా పోయి మనుషులు దిగే బావి మీద ఆగింది. "మా పొగ మాకే తాగిస్తారా?" అన్నాడు. గొంతు పెంచలేదు.

"ఈ చోటు ఎవరు నిర్ణయించారు?" మా బాస్ అడిగాడు.

తెర మీద తొమ్మిది ముఖాలు. ఆమె కళ్లు ఒక గడి మీద ఆగిపోయాయి. అది నాదేనని నాకు తెలుసు. నా మైకు మూసి ఉంది. వేలు మౌస్ మీద ఉంది. ఆమె ఆగింది. నాకోసమే ఆగింది.

"డ్రాయింగ్ నాదే," అంది చివరికి.

పక్క గదిలోంచి మీటింగ్ విన్న మా ఆవిడ ఆ సాయంత్రం అన్నం వడ్డిస్తూ అడిగింది, "మొన్న ఫోన్లో అక్కడే పెట్టెయ్యమన్నది నువ్వే కదా?"

"నీకు తెలీదులే."

"గనుల సంగతి తెలీదు. నువ్వన్న మాట విన్నాను."

రెండు వారాలకు ఆ అమ్మాయిని తీసేశారు. తర్వాత ఆన్‌లైన్‌లో తెలుగువాళ్లం కలిసినప్పుడు ఒకాయన "గాలెటు వీస్తుందో తెలియని ఇంజినీరట!" అన్నాడు. అందరితోపాటు నేనూ నవ్వాను. ఇది ఒప్పుకోవడం మిగతావాటికన్నా కష్టంగా ఉంది.

బ్లూ కార్డు గడువు ఇంక మూడు వారాలుందనగా ఆమె ఫోన్ చేసింది. కంపెనీ ఇచ్చిన త్సోయిగ్నిస్‌లో, అంటే పనితీరు పత్రంలో, 'అప్పగించిన పనులు చేయడానికి కృషి చేశారు' అని రాశారట. మనకు మెచ్చుకున్నట్టే ఉంటుంది. ఇక్కడ ఉద్యోగం ఇచ్చేవాళ్లు దాన్ని చేతకాలేదని చదువుతారు. అప్పటికి పదకొండు చోట్ల కాదన్నారు.

"నువ్వే చెప్పినవని నేను ఎవ్వరికీ చెప్పలే అన్నా," అంది. "నువ్వే చెప్తవనుకున్న."

నేను ఏదో అనబోయాను.

"నాకిప్పుడు సారీ ఏం చేసుకోను? ముందు ఆ కాయితం మార్పించు."

మర్నాడు అపాయింట్మెంట్ తీసుకుని ఆఫీసుకు వెళ్లాను. మాస్కులతో, మధ్యలో ఒక ఖాళీ బల్లతో, బాస్ ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పాను.

"ఆ రోజు మీటింగ్‌లో మీరూ ఉన్నారు కదా?" అన్నాడు.

"ఉన్నాను."

నన్ను ఆ ప్రాజెక్టు నుంచి తప్పించాడు. గని కంపెనీకి నిజం రాశాడు. నాలుగు రోజుల్లో ఆమెకు కొత్త పత్రం వెళ్లింది. గడువుకు ఐదు రోజుల ముందు, సొరంగాలు కట్టే ఒక కంపెనీలో ఆమెకు పని దొరికింది.

అప్పుడు కలవచ్చా అని అడిగాను. వాళ్ల వీధి చివర ట్రామ్ స్టాప్ దగ్గరికి రమ్మంది. రెండు మీటర్ల దూరంలో నిలబడ్డాం.

"చెప్పు అన్నా, ట్రామ్ వస్తది," అంది.

"నువ్వు సరిగ్గానే చూశావు," అన్నాను. "నేను చూడలేదు. చూడమంటే ఎగతాళి చేశాను. మీటింగ్‌లో నాకోసం ఆగావని తెలిసే నోరు మూసుకున్నాను. నీకు పోయేది ఉద్యోగం, నాకు పోయేది పరువు. నేను నా పరువే చూసుకున్నాను. నీ వెనక నవ్వాను కూడా. తప్పంతా నాదేనమ్మా. నన్ను క్షమించు."